వదినె పిస్తోయాలో దిగిన రోజు

బాబావలి అన్న కుడికాలు ఒక్కచోట నిలవదు. అల్ ఖోబర్‌లో మా ట్రావెల్ ఆఫీసులో ఆయన బల్ల, నా బల్ల ఆనుకుని ఉంటాయి. ఆయన కాలు ఊపితే నా టీ ఒలుకుతుంది. పదకొండేళ్లుగా ఒలుకుతూనే ఉంది. "అన్నా, జెర్ర కాలు ఆపుండ్రి" అని చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చింది కానీ ఆయన కాలు మాత్రం నొయ్యలేదు. నా పేరు రాజేశం, మాది జగిత్యాల. నాకు కోపం ఎక్కువంటారు. ఆ మనిషి పక్కన పదకొండేళ్లు కూర్చుంటే ఎవడికైనా ఎక్కువే అవుతుంది.

ఆయనది ప్రొద్దుటూరు. ఇరవై రెండేళ్ల కిందట ఇదే ఆఫీసుకు పాస్‌పోర్టులు మోసే డ్రైవరుగా వచ్చాడు. టికెట్లు కొట్టడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. పాస్‌పోర్టు ఇచ్చి, రసీదు కోసం నిలబడ్డ ఆ ఐదు నిమిషాల్లో వెనకనుంచి తెరమీదకు తొంగి చూసి నేర్చుకున్నాడు. ఇవాళ యూరప్ అంటే మా ముదీర్, అంటే మేనేజరు, ఆయనను పిలవకుండా మాట పూర్తి చేయడు. అందులోనూ ఇటలీ రైళ్లంటే బాబావలి తర్వాతే ఎవరైనా. తమాషా ఏమిటంటే ఆయన ఇటలీ ఎన్నడూ చూడలేదు. ప్రొద్దుటూరు, ఖోబర్, మధ్యలో విమానాశ్రయాలు. అంతే ఆయన చూసిన లోకం.

ఇక్కడివాళ్లకు రైలంటే దమ్మాం నుంచి రియాద్ పోయేది. దాని టికెట్టు మీద పేరు ఉంటుంది, సీటు నంబరు ఉంటుంది, ఆ టికెట్టు ఆ రైలుకే. ఇటలీలో చిన్న ఊళ్ల మీదుగా పోయే రైళ్లకు అట్లా కాదు. ఆ రోజు ఏ రైలైనా ఎక్కవచ్చు. దారిలో నచ్చిన ఊళ్లో దిగి, కాసేపు తిరిగి, వెనకాల వచ్చే రైలెక్కి అదే టికెట్టు మీద ముందుకు పోవచ్చు. ఈ మాట చెప్పేటప్పుడు బాబావలి ముఖం చూడాలి. తన ఇంటి పెళ్లిలో తానే వడ్డిస్తున్నట్టు వెలిగిపోతుంది. "యాడ నచ్చితే ఆడ దిగండి సార్, అడిగేవాడు ల్యాడు" అంటాడు. ఆ మాటకే కస్టమర్లు సగం పడిపోతారు.

ఆయన భార్య ఖాలిదా వదినె. పెళ్లయిన మూడేళ్లకు ఫ్యామిలీ వీసా మీద ఇక్కడికి వచ్చింది, పందొమ్మిదేళ్లయింది. ఇంటి కింద ఉన్న కిరాణా బకాలా దాకా తప్ప ఒక్కతీ ఎక్కడికీ పోయిన మనిషి కాదు. ఎక్కడికి పోవాలన్నా ఆయన కారు. ఆయన ఎక్కడ ఆపితే అక్కడ దిగుతుంది, ఆయన ఎప్పుడు పోదామంటే అప్పుడు ఎక్కుతుంది. చెడ్డవాడని కాదు. భార్యను కొట్టడు, తిట్టడు, జీతం రాగానే ఆమెకు బంగారం కొనాలని చూస్తాడు. ఆమె బాగోగులన్నీ తానే ఆలోచించేస్తాడు, అదీ ఆయనకున్న జబ్బు. ఆమె పాస్‌పోర్టు, ఇఖామా అనే నివాస కార్డు, ఆస్పత్రి కార్డు అన్నీ ఆయన జేబులోనే. వాళ్లింటికి భోజనానికి పోయినప్పుడు నేనే చూశాను. ఆమె ఏ కుర్చీలో కూర్చుంటే ఫ్యాను గాలి బాగా తగులుతుందో కూడా ఆయనే చెబుతాడు. ఆమె నవ్వి ఆ కుర్చీలోనే కూర్చుంటుంది.

వాళ్ల బిడ్డ అఫ్షాన్ ఇక్కడే పుట్టి, ఇండియన్ స్కూల్లో చదివి, స్కాలర్‌షిప్ వచ్చి ఫ్లోరెన్స్‌లో పై చదువు చదువుతోంది. ఈ ఎండాకాలం మొగుడూ పెళ్లాలిద్దరూ పది రోజులు బిడ్డ దగ్గరికి పోవాలనుకున్నారు. ఇద్దరికీ వీసాలు వచ్చాయి. బాబావలి ఆ నెలంతా నేలమీద నడవలేదు. తీరా పోయే రెండు రోజుల ముందు ముదీర్ ఆయన సెలవు రద్దు చేశాడు. ఎండాకాలం సీజన్, యూరప్ చూసే మనిషి లేకపోతే ఎట్లా అన్నాడు. ఇక్కడ దేశం దాటాలంటే ఎగ్జిట్ రీ-ఎంట్రీ అనే అనుమతి పడాలి. బాబావలిది కంపెనీ చేతిలో ఉంటుంది, కంపెనీ నొక్కితేనే ఆయన కదలాలి. ఖాలిదా వదినెది బాబావలి చేతిలో ఉంటుంది. ఆయన తన ఫోన్లో నొక్కాడు, ఆమె ఎగరగలిగింది.

తాను పోలేకపోయాడు కదా, ఇక ప్రయాణమంతా ఇక్కణ్ణుంచే నడిపించాలని కూర్చున్నాడు. రోజుకొక కాగితం చొప్పున పది కాగితాలు అచ్చుకొట్టించి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఇచ్చాడు. ఏ రైలు, ఏ ప్లాట్‌ఫారం, ఏ గుమ్మంలోనుంచి బయటికి రావాలి, ఏ వీధిలో మంచినీళ్ల కుళాయి ఉంది. ఫోన్లో వీధుల ఫోటోలు చూసి ఆమె కూర్చోవాల్సిన బెంచీలు కూడా తేల్చాడు. ఎండ పడని బెంచీలట! "అన్నా, వదినె ఊపిరి ఎప్పుడు తీయాల్నో గూడ రాసిన్రా?" అని అడిగాను. ఆయన నవ్వలేదు. ఆ జోకు ఆయనకు నచ్చదు.

ఆ బుధవారం అఫ్షాన్‌కు సాయంత్రం దాకా పరీక్ష. వదినె గదిలో ఉండిపోవచ్చు కదా, ఉండనంది. ఒక్కతీ పోయొస్తానంది. ఆ మాట విన్నప్పటినుంచి బాబావలి మనసు మనసులో లేదు. వద్దనలేకపోయాడు, కాబట్టి ఇంకా పెద్ద కాగితం తయారుచేశాడు. ఫ్లోరెన్స్‌లో ఎనిమిదీ పదికి రైలు. నేరుగా లుక్కా. అక్కడ పాత కోటగోడ మీద పదకొండు దాకా నడక. తర్వాత అదే టికెట్టు మీద వియారెజ్జో, సముద్రం చూడడం. మూడింటికి తిరుగు రైలు.

ఆ రోజు పొద్దున నేను తొమ్మిదికి ఆఫీసుకు వచ్చేసరికి ఆయన ఫోన్‌ను స్టాండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. వదినె లొకేషన్ పంచుకుంది. తెరమీద ఒక నీలం చుక్క. మాకూ ఇటలీకీ గంట తేడా.

"రైలు కదిలింది రాజేశం. టయానికి కదిలింది!"

"మంచిగైంది. ఇగ మీ పని చూస్కోండ్రి."

పనా, పాడా! చుక్క ఫ్లోరెన్స్ దాటింది. చుక్క ప్రాతో అనే ఊరు చేరింది. ఎవరో రియాద్ టికెట్టు మార్చమని వస్తే ఆయన ఒక కన్ను కస్టమర్ మీద, ఒక కన్ను చుక్క మీద పెట్టాడు. నా టీ రెండుసార్లు ఒలికింది. చుక్క పిస్తోయాలో ఆగింది.

"ఈడ రెండు నిమిషాలే ఆగుతాది" అన్నాడు.

రెండు నిమిషాలయ్యాయి. ఐదయ్యాయి. చుక్క కదిలింది. కానీ పట్టాల వెంట కాదు, పక్కకు, ఊళ్లోకి. బాబావలి లేచి నిలబడ్డాడు. ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు.

"ఏమైంది ఖాలీ? రైలు చెడిపోయిందా?"

"లేదు. దిగినా."

"దిగినావా! అది లుక్కా కాదు కదా!"

"కాదని తెలుసు. పిస్తోయా అని రాసినారు."

"మరి ఎందుకు దిగినావు?"

అటువైపు ఎవరో ఆడవాళ్లు నవ్వుతున్న చప్పుడు, ఏదో సైకిలు గంట వినబడ్డాయి.

"దిగబుద్ధయింది, దిగినా."

ఆయన ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగాడు. "రాజేశం, దిగబుద్ధయిందంటప్పా!" అన్నాడు, ఆమెకు జ్వరమొచ్చిందని చెప్పినట్టు. మళ్లీ ఫోన్లోకి, "సరే, ఆడే నిలబడు. వెనకాల రైలుండాది. నేను ప్లాట్‌ఫారం చూసి చెప్తా. స్టేషను దాటి పోవద్దు" అన్నాడు.

"దాటేసినా. చౌక్‌లో సంత పెట్టినారు. చూసి ఫోన్ చేస్తా."

పెట్టేసింది. ఆయన మళ్లీ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. నేను లెక్కపెట్టలేదు కానీ ఇరవైకి తక్కువ ఉండవు. కాసేపటికి నీలం చుక్క కూడా మాయమైంది. లొకేషన్ పంచుకోవడం ఆపేసింది.

"ఆమెకేం కాలేదన్నా, మాట్లాడింది గద! మీరే అంటరు గదా అందరికీ, యాడ నచ్చితే ఆడ దిగుమని. వదినెకు నచ్చింది, దిగింది. ఏం తప్పు?"

"కస్టమర్లు వేరు. ఆమె వేరు."

"ఎట్ల వేరు?"

ఆయన కూర్చున్నాడు, లేచాడు, సులేమానీ టీ పోసుకున్నాడు, తాగకుండా నా బల్లమీద పెట్టి మరిచిపోయాడు.

పదకొండింటికి విశ్వనాథం గారూ ఆయన భార్య పద్మజ గారూ వచ్చారు. ఆయన చమురు కంపెనీలో ఇంజనీరు, పిల్లలతో ఇటలీ పోవాలని నెలనుంచి తిరుగుతున్నారు. బాబావలికి ఊపిరి వచ్చినట్టయింది. ఇటలీ మ్యాపు తీసి మొదలుపెట్టాడు. దిగడం, తిరగడం, మళ్లీ ఎక్కడం.

"మరి ఒకళ్లం ఒక రైల్లో, ఇంకొకళ్లం తర్వాత రైల్లో వచ్చినా పరవాలేదాండీ?" అని అడిగింది పద్మజ గారు.

"ఏం పరవాల్యా మేడం. టికెట్లు మీ మీ ఫోన్లలో ఉంటాయి. చెక్-ఇన్ అని ఒక బటన్ వస్తాది. అది మాత్రం రైలెక్కే ముందరే నొక్కండి. అంతకుముందు నొక్కద్దు. నొక్కిన నిమిషం నుంచి ఆ టికెట్టు నాలుగు గంటలే బతుకు..."

మాట అక్కడ తెగింది. ఆయన కుడికాలు ఆగిపోయింది. పదకొండేళ్లలో మొదటిసారి నా బల్ల కదలకుండా నిలబడింది, నాకే భయం వేసింది.

"సార్, ఒక్క నిమిషం" అని లేచి లోపలికి పోయాడు. నేను ఆ దంపతులకు మిగతాది ఏదో చెప్పి, మధ్యాహ్నం ఫోన్ చేస్తామని పంపేసి, వెనకాలే పోయాను. చేతులు కడుక్కునే సింకు దగ్గర గోడను పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నొక్కినా రాజేశం."

"ఏం నొక్కిన్రు?"

"ఆమెది గూడా నొక్కినా. పొద్దున్నే. పోయేదీ, వచ్చేదీ, రెండూ."

అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది. మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. విమానం టికెట్టు కొన్నవాళ్లకు చెక్-ఇన్ మేమే చేసిపెడతాం. కస్టమర్లు అలవాటు పడ్డారు, వాళ్లు చేసుకోరు. బాబావలి రోజూ తెల్లవారుజామున ఫజర్ నమాజ్ అయ్యాక ఇంట్లోనే కూర్చుని, ఆ రోజు ఎగిరేవాళ్లందరికీ వరసగా నొక్కుకుంటూ పోతాడు. ఆ వరసలోనే, నిద్ర కళ్లతో, భార్య రైలు టికెట్లు కూడా నొక్కేశాడు. సేవ చేశాననుకున్నాడు. తానే ఊరందరికీ చెప్పే ముచ్చట తన చేతికి గుర్తులేదు.

"ఎన్నింటికి నొక్కిన్రు?"

"నాలుగున్నరకు. అంటే ఆడ మూడున్నర. ఏడున్నరకే అయిపాయ. ఆమె రైలెక్కేసరికే అది చచ్చిన టికెట్టు."

"ఇప్పటిదాంక ఎవ్వరు అడగలే గదా. అడిగితే ఇంకోటి కొనుక్కోమంటరు. అంతే గదన్నా! జరిమానా అయితే గింత గడుతది."

"డబ్బు సంగతి కాదురా!" అని అరిచాడు. నన్ను ఎన్నడూ 'రా' అనని మనిషి. "యూనిఫాం. ఆమె ముందర యూనిఫాం వేసుకున్న మనిషి వచ్చి నిలబడతాడు."

ఆ కథ నాకు తెలుసు. ఆమె ఇక్కడికి కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకసారి దమ్మాం దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆమెను కారులో ఉంచి ఆయన లోపలికి పోయాడు. తనిఖీ చేసే పోలీసు వచ్చి కిటికీ తట్టి ఇఖామా అడిగాడు. మర్యాదగానే అడిగాడట. కార్డు బాబావలి జేబులో ఉంది. ఆమెకు భాష రాదు, ఏం చెప్పాలో తెలియదు. ఆయన నీళ్ల సీసా కొని తిరిగి వచ్చేసరికి ఆమె సీటు కింద కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తోంది. అప్పటినుంచి టోపీ పెట్టుకున్న కాపలావాణ్ణి చూసినా మొగుడి వెనక్కి జరుగుతుంది. ఆ భయం పోగొట్టాలని బాబావలి ఆమెను ఎవరి ముందూ నిలబడనీయలేదు. అన్ని కౌంటర్ల దగ్గరా తానే నిలబడ్డాడు. ఇప్పుడు తన చేత్తోనే తీసుకుపోయి నిలబెట్టాడు, అదీ తాను లేని ఊళ్లో.

కొత్త టికెట్టు కొని ఆమె ఫోనుకు పంపాడు. మెసేజ్ చేరలేదు. ఫోన్ ఆఫ్. బిడ్డకు చేశాడు, పరీక్షలో ఉంది, అదీ ఆఫ్. ఇంకో టికెట్టు కొన్నాడు. అదీ పోలేదు. పక్కగదిలోకి పోయాడు, తిరిగొచ్చాడు. ఉన్నట్టుండి ముదీర్ గది తలుపు తోసుకుని లోపలికి పోయాడు. నేను వెనకాల పరిగెత్తాను, ఆపుదామని.

"నాకు ఎగ్జిట్ రీ-ఎంట్రీ కావాల. ఇప్పుడే. వీసా ఉండాది. సాయంత్రం విమానం ఎక్కుతా" అన్నాడు, వచ్చిన అరబ్బీలో, మధ్యలో తెలుగు కలిపి.

ముదీర్ కళ్లజోడు తీశాడు. ఏమైందని నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన నవ్వాడు. "రైలు టికెట్టు కోసమా? ఖలాస్, సీజన్ అయ్యాక మాట్లాడదాం" అన్నాడు. చెడ్డ నవ్వు కాదు, ఎవరికైనా నవ్వే వస్తుంది. బాబావలికి మాత్రం ముఖం నల్లబడింది. బయటికి నడిచి, నలభై ఆరు డిగ్రీల ఎండలో పార్కింగులో తన కారెక్కి, ఏసీ వేసుకోకుండా కూర్చున్నాడు. నేను పోయి తలుపు తీశాను.

"దిగుండ్రి. సచ్చిపోతరు గీ ఎండకు."

"నేను పోయింటే ఆమెను కాపాడుకుందును."

అప్పుడు నాకు కోపం ఆగలేదు. అనకూడదనుకుంటూనే అనేశాను. "ఫోన్ల ఎగ్జిట్ కొట్టినంత మాత్రాన అయిపోతదా అన్నా? మనిషిని పోనియ్యాలె గదా! పొద్దుగాల్నుంచి చూస్తున్న, ఆమె ఎంబడి గా చుక్కను పట్టుకొని మీరే ఉరుకుతున్నరు. ఆమెకు ఒక్క దినం దొరికింది. దాన్ని గూడ మీరే నడుపుతరా?"

ఆయన నావైపు చూసి, "ఆమెకు ఏమీ తెలీదు రాజేశం" అన్నాడు.

"మీరు తెల్వనిచ్చిన్రా?"

అట్లా అన్నందుకు నాకే సిగ్గేసింది. నా భార్య జగిత్యాలలో ఒక్కతే బ్యాంకు పనీ, బడి పనీ, ఆస్పత్రి పనీ అన్నీ చూసుకుంటుంది, అందులో నా గొప్ప ఏమీ లేదు. నేను లేను కాబట్టి చూసుకుంటుంది. ఆ మాట ఆయనతో అనలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను.

మధ్యాహ్నం జుహర్ నమాజుకు పోయి వచ్చాడు. అన్నం డబ్బా విప్పలేదు. మూడయింది. విశ్వనాథం గారు ఫోన్ చేసి ప్లాను ఏమైందని అడిగితే, "సార్, ఆ బటన్ మీరు నొక్కుకోండి, మేం నొక్కం" అన్నాడు. అంతకుమించి ఇంకేమీ చెప్పకుండా పెట్టేశాడు. నిజానికి అప్పటికి నాక్కూడా భయం పట్టుకుంది. పొద్దున పదింటి తర్వాత ఆమె గొంతు ఎవరమూ వినలేదు. చెప్పుకోలేదు కానీ నేను కూడా నా ఫోన్‌నుంచి రెండుసార్లు చేసి చూశాను.

నాలుగూ పదికి ఆయన ఫోన్ మోగింది. వీడియో కాల్.

మొదట ఏమీ కనబడలేదు, ఉత్త వెలుతురు. తర్వాత వదినె ముఖం. ఎండకు కందిపోయి ఉంది. వెనక సముద్రం.

"ఖాలీ! బాగుండావా? ఆ టికెట్టు..."

"ఎర్రగా వచ్చింది లెండి" అంది.

ఆమే చెప్పింది, నెమ్మదిగా, అటూ ఇటూ చూసుకుంటూ. "పిస్తోయాలో సంత చూసి మళ్లీ రైలెక్కినా. టోపీ పెట్టుకున్న ఆమె వచ్చింది. ఫోన్ చూపిచ్చినా. బీప్ మనింది, ఎర్రగా వచ్చింది. ఆమె ఏందో అడిగింది. 'మా ఆయన తీసినాడు, మా ఆయనకు తెలుసు' అని తెలుగులోనే చెప్పినా. నాలుగుసార్లు అదే చెప్పినా. పెట్టెలో ఉండేవాళ్లంతా నన్నే చూసినారు."

"ఏడ్చినావా?"

"ఏడ్చినా. ఏడవకుండా ఎట్లుంటాను?"

"తర్వాత?"

"వచ్చే స్టేషన్లో దిగి కొనుక్కోమని చేత్తో చూపిచ్చింది. దిగినా. ఆడ బెంచీ మీద గంటసేపు కూసున్నా. మీకు చేద్దామని ఫోన్ తెరిచినా. మళ్లీ ఆపేసినా."

"ఎందుకు ఆపేసినావు? నేనీడ సచ్చిపోతాండా!"

"చేస్తే ఇంగో టికెట్టు తీసి పంపిస్తారు. దాన్ని పట్టుకొని నేను మళ్లీ ఇంగొకరి ముందర నిలబడాల. దాంట్లో ఏముండాదో నాకు తెలీదు."

బాబావలి నావైపు చూశాడు. పంపిన టికెట్టు ఒకటి కాదు, రెండు. నేను తల దించుకున్నాను.

"మిషన్ ఉండాది కదా ఆడ, దాని ముందర నిలబడినా. మీ కాయితంలో సముద్రం ఊరి పేరు ఇంగ్లీషులో ఉండాది. దాన్ని పక్కన పెట్టుకొని ఒక్కొక్క అక్షరం నొక్కినా. రెండుసార్లు తప్పు పోయింది. వెనకాల ఒక ముసలాయన నిలబడినాడు, పోనీ అని పక్కకు జరిగితే, కాదు కాదు నువ్వే చెయ్యమ్మా అన్నట్లు సైగ చేసినాడు. కాయితం టికెట్టు వచ్చింది. దాన్ని పచ్చ మిషన్లో పెట్టి ముద్ర గుద్దుకోవాలంట, అదీ ఆయనే చూపిచ్చినాడు. రైలెక్కినా. మళ్లీ వచ్చినారు అడిగేవాళ్లు. ఈసారి మొగాయన."

"వచ్చినాడా? ఏమన్నాడు?"

"టికెట్టు చూసి ఏందో అడిగినాడు. యాడికి పోతాండావని అనుకుంటా. వియారెజ్జో అన్నా. తల ఊపి పోయినాడు." ఆమె ఫోన్ రెండో చేతికి మార్చుకుంది. "మీరు తీసిన టికెట్టుకు ఏం చెప్పాల్నో నాకు తెలీలేదండీ. నేను కొనుక్కున్న దానికి చెప్పినా."

"తప్పు నాదే ఖాలీ. పొద్దున నిద్రకళ్లతో నొక్కేసినా."

"తప్పు సంగతి కాదు నేను చెప్తాండేది" అంది. కోపంగా అనలేదు. ఫోన్ కిందికి దించి కాళ్లు చూపించింది. బురఖా అంచు మోకాళ్లదాకా తడిసి ఇసుక అంటుకుని ఉంది. "ఖోబర్లో సముద్రం పక్కనే పందొమ్మిదేండ్లు ఉండాం. ఒక్కసారన్నా నీళ్లలో కాలు పెట్టినానా చెప్పండి? మీరూ వద్దనలేదు, నేనూ అడగలేదు. నాకు తోచనే లేదు."

ఆయన ఏదో అనాలని చూశాడు. పాపం, ఏం అనాలో తెలియనప్పుడు మనిషికి అలవాటైన మాటే వస్తుంది. "సరే, ఇప్పుడు తిరుగు రైలు... ఆడి టయానికి నాలుగూ ఇరవైకి ఒకటుండాది, ప్లాట్‌ఫారం నేను..."

"వద్దు. ఏది వస్తే అది ఎక్కుతా." మళ్లీ అడిగింది, "రేపటికి టికెట్టు తీసినారా?"

"తీసినా. రేపటికి, ఎల్లుండికి, అన్నిటికీ తీసినా."

"వద్దండి. రేపు యాడికి పోతానో నాకింకా తెల్దు. అఫ్షాన్ పరీక్షనుంచి వచ్చినాక దానికి నేను చేసుకుంటాలే ఫోన్. ఇంగోసారి నీళ్లలోకి పోయొస్తా. ఉంటా."

తెర నల్లబడింది. బాబావలి ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఏడుస్తున్నాడు. దాచుకోలేదు. కస్టమరొకడు తలుపు తీసి, చూసి, మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు.

"రాజేశం, రేపు ఆమె యాడుంటాదో నాకు తెలీదు" అన్నాడు. "పెండ్లయినకాణ్ణుంచి అట్లాంటి రోజు ఒక్కటి గూడా లేదప్పా."

ఆయన కంప్యూటరు తెరిచాడు. మిగిలిన రోజుల టికెట్లన్నీ వరసగా వచ్చాయి, ఊరు పేరు, గంట, పక్కనే రద్దు బటన్. మౌసు మీద చెయ్యి పెట్టి, కదలకుండా ఉండిపోయాడు. తర్వాత కుర్చీని పక్కకు జరిపి, మౌసు నా వైపు తోశాడు.

"నువ్వు నొక్కప్పా. నా చేత కాదు."

నేను నొక్కాను. ఒక్కొక్కటీ, అన్నీ. ఆయన పక్కన కూర్చుని చివరిదాకా చూశాడు.